ఆయుధపూజ నాటికి వైపర్లు మార్చేద్దాం

అక్టోబరు చివరి వారం, రాత్రి ఎనిమిదిన్నర. చెన్నైలో కాశిమేడు దాటి తిరువొత్తియూరు వైపు కారులో పోతున్నారు. లావుపాటి చినుకులు టపటపా పడ్డాయి. వైపర్ వేశారు. అద్దం తేటపడకపోగా తెల్లగా పులుముకుపోయింది. ఎదురుగా వస్తున్న కంటైనర్ లారీ లైట్ల వెలుగు ఆ పులుముడులో పడి అద్దమంతా చెదిరింది. రెండు మూడు సెకన్ల పాటు ముందున్న బైకు ఉందో లేదో తెలియలేదు. మీకిది ఎప్పుడైనా జరిగిందా? జరిగే ఉంటుంది. అప్పుడు ఏమనుకున్నారు? "రేపు పొద్దున్నే వైపర్లు మార్పించాలి" అనుకున్నారు. పొద్దుటికి వాన వెలిసింది. మాట మరుగున పడింది.

ఈ అధ్యాయం ఆ 'రేపు' గురించే. రాయపురంలో, వాషర్‌మన్‌పేటలో, తండయారుపేటలో కారున్న ప్రతివాళ్ళూ ముందుగా తెలుసుకోవాల్సింది ఒకటుంది. మన ఊళ్ళో వైపర్ రబ్బరు పాడయ్యేది ఎండాకాలంలో. పాడైన సంగతి బయటపడేది వానాకాలంలో. నడుమ నాలుగైదు నెలలు దాన్ని ఎవరూ పట్టించుకోరు. చెన్నైలో ఏడాదికి దాదాపు 1400 మిల్లీమీటర్ల వాన పడితే, అందులో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలే కురిపిస్తాయి. దానికి ముందు కత్తిరి ఎండలు దాదాపు మే నెలంతా రబ్బరును కాల్చి పెడతాయి. నల్లటి రబ్బరు, కాలే అద్దానికి అంటుకుని, రోజూ ఎనిమిది తొమ్మిది గంటలు అలాగే పడి ఉంటుంది. మెత్తదనం పోతుంది, అంచు బిరుసెక్కుతుంది. ఆ స్థితిలో దానికి మొదటి పెద్ద వాన ఎదురవుతుంది.

మరి ఎప్పుడు మార్చాలి? మనకు వెతుక్కోనక్కర్లేని రోజు ఒకటుంది. ఆయుధపూజ. సెప్టెంబరు చివరో అక్టోబరులోనో వస్తుంది, పెద్ద వానలకు కాస్త ముందుగా. ఆ రోజు ఎలాగూ బండి కడుగుతారు, బొట్టు పెడతారు, చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. ఆ ముందు వారంలోనే కొత్త వైపర్లు వేయించండి. తేదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, పండగే గుర్తుచేస్తుంది.

పూజ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. అద్దం మీద చందనం, కుంకుమ బొట్లు పెట్టారా? చాలా సంతోషం. మర్నాడు వాటిని వైపర్‌తో తుడవకండి. ఎండిన చందనం గరుకుగా ఉంటుంది, రబ్బరు అంచులో చిక్కుకుంటుంది. తడిగుడ్డతో చేత్తోనే తుడవండి. పూలదండను వైపర్ కాడకు కట్టే అలవాటు కూడా ఉంది. దారం అడుగున చిక్కుకుని బ్లేడు అద్దానికి ఆనకుండా పోతుంది. దండను ముందు గ్రిల్లుకు కట్టుకోండి.

1. ముందు అద్దాన్ని కడగండి, తర్వాతే రబ్బరును అనుమానించండి

చాలామంది చేసే మొదటి పొరపాటు ఇదే. గీతలు పడగానే కొత్త వైపర్లు కొనేస్తారు. వేసిన మూడో రోజుకు మళ్ళీ గీతలు. "నాసిరకం అంటగట్టాడు" అని కొట్టువాడి మీద కోపం. తప్పు అద్దం మీద ఉన్న పొరది.

రాయపురంలో రాత్రి బయట పెట్టిన కారు అద్దాన్ని పొద్దున్నే వేలితో రుద్ది చూడండి. జిగటగా తగులుతుంది. అది సముద్రపు తేమ, ఉప్పు. దాని మీద హార్బరుకు వచ్చిపోయే లారీల పొగమసి. కాశిమేడు నుంచి బయల్దేరే చేపల బండ్ల వెనకాల నాలుగు నిమిషాలు నడిపితే, వాటిలోంచి కారే ఉప్పునీళ్ళు చక్రాల మీంచి ఎగిరి మీ అద్దం మీద పడతాయి. భోగి నాటి పొగ, దీపావళి మందు మసి కూడా తోడవుతాయి. ఇన్నీ కలిసి ఒక పల్చటి జిడ్డు పొర కడతాయి. పగలు కనిపించదు. రాత్రి ఎదుటి లైటు పడినప్పుడే దాని అసలు రంగు తెలుస్తుంది.

ఇలా చెయ్యండి. నీడలో, అద్దం చల్లగా ఉన్నప్పుడు ముందుగా నీళ్ళు ధారగా పొయ్యండి. పొడిగుడ్డతో మొదలుపెట్టకండి, ఇసుక రేణువులతో అద్దాన్ని మీరే గీకినట్టవుతుంది. తర్వాత ఒక మగ్గు నీళ్ళలో నాలుగు చుక్కల కారు షాంపూ కలిపి మెత్తటి గుడ్డతో రుద్దండి. వైపర్లు పడుకునే చోట, అద్దం అడుగు అంచున, ఎక్కువసేపు రుద్దండి. మురికంతా అక్కడే చేరుతుంది. కడిగేసి, వేరే పొడిగుడ్డతో తుడవండి. తర్వాత అద్దం మీద కాసిని నీళ్ళు చల్లి చూడండి. నీరు ఒకే పొరలా పరుచుకుంటే అద్దం శుభ్రపడింది. ఒకచోట పరుచుకుని మరోచోట ముద్దలు ముద్దలుగా నిలబడితే జిడ్డు ఇంకా ఉంది, ఇంకోసారి రుద్దాలి.

బోరునీళ్ళతో కడిగే వాళ్ళకు ఇంకో చిక్కు. ఎండలో కడిగి తుడవకుండా వదిలేస్తే తెల్లటి చుక్కలు మిగులుతాయి. అవి షాంపూతో పోవు. తెల్ల వెనిగర్‌కు అంతే నీళ్ళు కలిపి, గుడ్డ తడిపి, చుక్కల మీద రెండు మూడు నిమిషాలు ఆనించి ఉంచండి. పెయింటు మీద కారనివ్వకండి. తర్వాత బాగా కడిగెయ్యండి.

ఇంత చేశాక ఒకసారి వైపర్ వేసి చూడండి. పాత వైపర్లే చక్కగా తుడుస్తున్నాయా? అయితే మీ డబ్బు మిగిలింది.

2. రబ్బరును దగ్గరగా చూడండి

వైపర్ ఆర్మ్‌ను నెమ్మదిగా పైకి లేపండి. అది లేచి నిలబడుతుంది. ఇప్పుడు రబ్బరు అంచును వెలుతురుకు ఎదురుగా పెట్టి ఒక చివర నుంచి మరో చివర దాకా చూడండి. అగ్గిపుల్ల మందం కూడా లేని ఆ సన్నటి పెదవే మొత్తం పని చేసేది. దాని వెనక ఒక మెడ ఉంటుంది, ఇంకా సన్నంగా. ఆ మెడ దగ్గర రబ్బరు అటూ ఇటూ వంగాలి. వేలితో ఒకవైపుకు ఒరిగించి వదలండి. నిటారుగా లేస్తోందా, ఒరిగినట్టే ఉండిపోయిందా?

ఈ వంగడమే కీలకం. బ్లేడు పైకి వెళ్ళేటప్పుడు పెదవి కిందికి ఒరిగి ఈడ్చుకుంటూ వెళ్ళాలి. పైన దిశ మారగానే రెండోవైపుకు ఒరగాలి. ఎండకు బిరుసెక్కిన రబ్బరు ఒకేవైపుకు వంగి స్థిరపడిపోతుంది. అందుకే వెళ్ళేటప్పుడు శుభ్రంగా తుడిచి, తిరిగొచ్చేటప్పుడు గడగడమని ఎగురుతుంది. మీ వైపర్ ఒక దిశలోనే చప్పుడు చేస్తుంటే కారణం చాలావరకు ఇదే. ఎంత కడిగినా ఇక అది బాగుపడదు, మార్చాల్సిందే.

మిగతా లక్షణాలు కూడా చూసుకోండి. ఎప్పుడూ ఒకేచోట సన్నటి గీత పడుతుంటే అక్కడ పెదవి చిరిగి ఉంటుంది, లేదా ఇసుక రేణువు ఇరుక్కుని ఉంటుంది. తడిగుడ్డతో తుడిచి చూడండి, రేణువైతే పోతుంది. అద్దం మధ్యలో వెడల్పుగా ఒక పట్టీ తుడవకుండా మిగిలిపోతుంటే, ఫ్రేము వంగిందనో ఆర్మ్ స్ప్రింగు బలం తగ్గిందనో అర్థం. రెండు దిశల్లోనూ కీచుమంటుంటే జిడ్డు పొర గానీ, తడి చాలకపోవడం గానీ కారణం. కొత్త బ్లేడు వేశాక కూడా గడగడ తగ్గకపోతే ఆర్మ్ మెలితిరిగి ఉంటుంది. కార్ వాష్‌లో ఎవరో గట్టిగా లాగినప్పుడు అలా అవుతుంది. దాన్ని మెకానిక్ చేత సరిచేయించండి, మీరు చేత్తో వంచబోకండి.

బ్లేడుకు అద్దం మీద ఒత్తిడిచ్చేది ఆర్మే. 1903 నవంబరు 10న అమెరికాలో మేరీ ఆండర్సన్ అనే ఆవిడ పేటెంటు పొందిన తొలి తరం వైపర్‌లోనూ ఈ ఏర్పాటు ఉంది. న్యూయార్కు మంచులో ట్రాము నడిపేవాడు దారి కనిపించక పడే అవస్థ చూసి ఆవిడకు ఆ ఆలోచన వచ్చింది. లోపలి నుంచి చేత్తో మీట తిప్పితే బయట రబ్బరు కట్టిన కాడ అద్దాన్ని తుడిచేది. కాడ అద్దాన్ని అదిమిపట్టి ఉండేలా కూడా ఆవిడ ఏర్పాటు చేసింది. మోటారు, సెన్సరు వచ్చినా నేటికీ ఆ ఒత్తిడి లేనిదే ఎంత ఖరీదైన బ్లేడూ తుడవదు. కొత్త బ్లేడు వేయించేటప్పుడే ఆర్మ్ స్ప్రింగును కూడా చూడమని మెకానిక్‌ను అడగండి. మన దగ్గర ఉప్పుగాలికి స్ప్రింగు తుప్పు పట్టడం మామూలు. ఆర్మ్ మొదట్లో, ప్లాస్టిక్ మూత కింద నట్టు ఉంటుంది. అక్కడ ఎర్రటి పొడి కనిపిస్తే శుభ్రం చేయించి, అది తిరిగే చోట ఒక చుక్క నూనె వేయించండి. రబ్బరుకు మాత్రం నూనె తగలకూడదు.

3. కొనేటప్పుడు మోసపోకండి

జనరల్ ప్యాటర్స్ రోడ్డులో కారు సామాన్ల కొట్ల ముందు ఒక గంట నిలబడండి. ఇలాంటి బేరం చెవిన పడకపోదు.

"తమ్ముడూ, స్విఫ్ట్‌కి వైపర్లు కావాలి."

"ఇదిగో సార్. అందరూ ఇదే వేస్తున్నారు. ఏ బండికైనా సరిపోద్ది."

ఈ 'ఏ బండికైనా' మాట వినగానే ఆగండి. ఆగి, "డబ్బా విప్పి హుక్కు చూపించు తమ్ముడూ, పొడవు కూడా కొలుద్దాం" అనండి. మర్యాదగా అడిగితే ఎవరూ కాదనరు.

పొడవు ముందు. ఇంటి దగ్గరే టేపుతో రెండు పాత బ్లేడులనూ రబ్బరు ఈ చివర నుంచి ఆ చివర దాకా అంగుళాల్లో కొలిచి ఫోన్‌లో రాసుకోండి. రెండూ ఒకే పొడవు ఉంటాయనుకోవద్దు. చాలా కార్లలో డ్రైవరు వైపు బ్లేడు పెద్దది, పక్కది చిన్నది. ఒకే మోడల్ పేరుతో వచ్చినా ఏడాది మారితే కొలత మారొచ్చు. "పెద్దది వేస్తే ఎక్కువ తుడుస్తుంది కదా" అని అంగుళం పెంచేవాళ్ళున్నారు. రెండు బ్లేడులూ నడిమధ్యలో ఒకదానికొకటి తగులుకుంటాయి, లేదా పక్క పిల్లర్‌కు కొట్టుకుంటాయి. తయారీదారు చెప్పిన కొలతే వెయ్యండి. కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది.

తర్వాత హుక్కు. మన రోడ్ల మీద తిరిగే చాలా కార్లకు ఆర్మ్ చివర గొడుగు పిడిలా వంపు తిరిగిన హుక్కు ఉంటుంది. కొన్నింటికి పక్కనుంచి గుచ్చుకునే పిన్ను, మరికొన్నింటికి బటన్ నొక్కితే ఊడే రకం. అనుమానంగా ఉంటే ఆర్మ్ కొసను ఫోటో తీసి తీసుకెళ్ళండి, మాటల్లో చెప్పే అవస్థ తప్పుతుంది.

ఇక రకం. ఇనుప ఫ్రేము ఉన్న మామూలు రకం, ఫ్రేము లేని చదును రకం, ఫ్రేము మీద ప్లాస్టిక్ కప్పు ఉన్న మిశ్రమ రకం దొరుకుతాయి. సముద్రానికి ఇంత దగ్గర ఉండే మనకు నేను చదును రకాన్నే సిఫారసు చేస్తాను. ఇనుప ఫ్రేములో కీళ్ళు ఎక్కువ, ప్రతి కీలు దగ్గరా ఉప్పు చేరుతుంది. తుప్పు పట్టిన కీలు వంగదు, బ్లేడు అద్దం వంపుకు ఒదగదు. అయితే మీ కారు పాతదై, అద్దం వంపు ఎక్కువై, చదును రకం చివర్లలో ఆనకపోతే మామూలు రకమే మేలు. వేసి, నీళ్ళు చల్లి, రెండు చివరలూ ఆనుతున్నాయో లేదో కొట్టు ముందే చూసుకోండి.

సిలికాన్ రబ్బరు ఎండకు ఎక్కువ కాలం తట్టుకుంటుంది, ఖరీదూ ఎక్కువే. కారు రోజంతా ఎండలో నిలబడేవాళ్ళకు ఆ ఖర్చు దండగ కాదు. నీడలో పెట్టుకునేవాళ్ళకు పేరున్న కంపెనీ మామూలు రబ్బరు చాలు, ఏడాదికోసారి మార్చుకుంటే సరి. చదును వైపర్ల జత ధర ఒక చిన్న కారు ఫుల్ ట్యాంకు పెట్రోలులో సగం కూడా ఉండదు. అదే, రబ్బరు ఊడిపోయి లోపలి లోహం అద్దాన్ని గీసిందా, అద్దం మార్చడానికి వేలకు వేలు కావాలి.

డబ్బా మీద తయారీ తేదీ చూడండి. రెండు మూడేళ్ళుగా అద్దాల బీరువాలో ఎండ తగులుతూ వేలాడిన రబ్బరు కొత్తదైనా పాతదే.

జతగా మార్చండి. డ్రైవరు వైపుది మాత్రమే మార్చి డబ్బు మిగుల్చుకుందాం అనుకుంటున్నారా? రెండూ ఒకే ఎండలో ఎండాయి. రెండోది ఈ నెలో వచ్చే నెలో అదే దారి పడుతుంది.

4. మార్చడం మీరే నేర్చుకోండి

పది నిమిషాల పని. ఒక దళసరి తువ్వాలు దగ్గర పెట్టుకోండి. ఈ తువ్వాలు సంగతి ఎవరూ చెప్పరు, అదే అన్నిటికన్నా ముఖ్యం.

ఇంజను ఆపండి. ఆర్మ్ పైకి లేపండి. వైపర్లు బోనెట్ కింద దాగి ఉండే కార్లలో నేరుగా లేపితే పెయింటు గీసుకుపోతుంది. అలాంటి వాటిలో చాలావరకు తాళం ఆపిన వెంటనే వైపర్ మీట నొక్కితే అవి పైకి వచ్చి ఆగుతాయి, మీ పుస్తకంలో చూసుకోండి. హుక్కు దగ్గర ఒక చిన్న క్లిప్పు ఉంటుంది. దాన్ని నొక్కిపట్టి బ్లేడును కిందికి, అంటే ఆర్మ్ మొదలు వైపుకు లాగండి. హుక్కు నుంచి జారి వస్తుంది.

ఇక్కడ ఆగి తువ్వాలు మడిచి అద్దం మీద పరవండి. బ్లేడు లేని ఒట్టి ఇనుప ఆర్మ్ స్ప్రింగు బలంతో పడిందంటే అద్దం పగులుతుంది. గాలి చాలు, పక్కనున్న పిల్లవాడి చెయ్యి తగిలినా చాలు.

కొత్త బ్లేడును హుక్కులోకి ఎక్కించి పైకి లాగండి. టక్‌మని వినిపించాలి. వినిపించకపోతే ఊడదీసి మళ్ళీ ఎక్కించండి. టక్‌మనని బ్లేడు నాయుడుపేట దగ్గర హైవే మీద వానలో ఎగిరిపోతుంది. కొన్ని కొత్త బ్లేడులకు రబ్బరు మీద సన్నటి ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. అది తీయకుండానే బిగించి "తుడవట్లేదు" అని తిరిగిచ్చేవాళ్ళను కొట్లలో అడిగి చూడండి, ఎంతమంది ఉంటారో! ఆర్మ్‌ను చేత్తో పట్టుకుని మెల్లగా దించండి. నీళ్ళు చిమ్మి నాలుగు తిప్పులు తిప్పి చూడండి.

వెనక అద్దానికి వైపర్ ఉంటే దాన్నీ చూడండి. ఎవరూ వాడరు, అందుకే ఎవరూ మార్చరు. ఏడాది ఎండిన రబ్బరుతో ఒక్కసారి వేస్తే వెనక అద్దం మీద అర్ధచంద్రం గీత పడుతుంది.

5. రోజూ చేసేవి, చెయ్యకూడనివి

పొడి అద్దం మీద వైపర్ వెయ్యకండి. ఈ ఒక్క అలవాటు మార్చుకుంటే రబ్బరు ఆయుష్షు చాలా పెరుగుతుంది. దుమ్ము పడిందా, ముందు నీళ్ళు చిమ్మండి, తర్వాత తుడవండి. కాకి రెట్ట పడిందా? రాయపురంలో పడక తప్పదు, చేపల రేవు పక్కనే ఉంది కదా. దాన్ని వైపర్‌తో తుడిస్తే అద్దమంతా పూసినట్టే. తడి కాగితంతో నానబెట్టి తీసెయ్యండి. వేపచెట్టు కింద ఆపితే పడే జిగురు కూడా అంతే.

సన్నటి తుంపరకు వేగం పెంచకండి. ఆగి ఆగి తుడిచే అమరిక వాడండి. అద్దం మీద తడి చాలనప్పుడు వైపర్ గబగబా తిరిగితే పొడి అద్దాన్ని రుద్దినట్టే. రాబర్ట్ కెర్న్స్ అనే అమెరికా ఇంజనీరు 1960ల్లో ఈ ఆగి ఆగి తుడిచే పద్ధతికి పేటెంట్లు తెచ్చి, తన ఆలోచన వాడుకున్నారని పెద్ద కార్ల కంపెనీల మీద ఏళ్ళ తరబడి కోర్టులో పోరాడాడు. మీటలో మీరు ఎప్పుడూ ముట్టుకోని ఆ గీత వెనక అంత కథ ఉంది. వాడండి.

ఇంజను ఆపే ముందు వైపర్ ఆపండి. అది తన చోటుకు వచ్చి పడుకున్నాకే తాళం తియ్యండి. లేకపోతే మర్నాడు తాళం తిప్పగానే ఎండిన అద్దం మీద ఈడ్చుకుంటూ లేస్తుంది.

మేలో కారు ఎండలో పెట్టి పోతూ వైపర్లు పైకి లేపి ఉంచాలా? చాలామంది అలా చేస్తారు. రబ్బరు కాలే అద్దానికి అంటుకోదు, అది నిజమే. అయితే వీధిలో అలా వదిలేస్తే క్రికెట్ ఆడే పిల్లలో, మాటలు చెప్పుకుంటూ ఆనుకునేవాళ్ళో ఆర్మ్ వంచేస్తారు. మీ ఆవరణలో అయితే లేపండి, వీధిలో అయితే వద్దు. నీడ దొరికితే నీడే మేలు, లేదా ముందు అద్దం దాకా కప్పే కవరు వెయ్యండి.

వారానికోసారి, కారు కడిగినప్పుడల్లా, తడిగుడ్డకు కాస్త సబ్బునీరు పట్టించి రబ్బరు పొడవునా రెండుసార్లు తుడవండి. గుడ్డ నల్లగా అవుతుంది. మూడోసారికి నలుపు తగ్గితే చాలు. ఎంత తుడిచినా నల్లగా వస్తూనే ఉంటే రబ్బరు తనంతట తానే రాలిపోతోందన్నమాట.

ఇక ఇంటి చిట్కాలు. కిరోసిన్‌తో తుడిస్తే మెరుస్తుంది, నిజమే, కానీ కొద్ది రోజుల్లో రబ్బరు ఉబ్బి అంచు పాడవుతుంది. పెట్రోలు, థిన్నరూ అంతే. కొబ్బరినూనె రాస్తే మెత్తబడుతుందని చెప్తారు. ఆ నూనె అద్దానికంటుకుని రాత్రి మీ కళ్ళకే అడ్డం వస్తుంది. గరుకు కాగితంతో అంచును రుద్దితే కొత్తదవుతుందని వీడియోల్లో చూపిస్తారు. తయారీలో కత్తితో కోసినట్టు తీర్చిన అంచు అది. రుద్దితే గుండ్రబడుతుంది, ఇక తుడవదు. దయచేసి ఇవేవీ చెయ్యకండి.

6. నీళ్ళ డబ్బా

బోనెట్ తెరవండి. మూత మీద అద్దం, చిమ్ముతున్న నీళ్ళ బొమ్మ ఉన్నదే వాషర్ డబ్బా. కూలెంట్ డబ్బాలో నీళ్ళు, ఇందులో కూలెంట్ పోసేవాళ్ళున్నారు. బొమ్మ చూసి పొయ్యండి. బోరునీళ్ళు పోస్తే నాజిల్ రంధ్రాల్లో సున్నం పేరుకుంటుంది. ఇంట్లో ఏసీ పైపు నుంచి కారే నీళ్ళు బకెట్టులో పట్టి, గుడ్డలో వడపోసి పొయ్యండి, వాటిలో సున్నం ఉండదు. వాషర్ ద్రవం దొరికితే అది కలపండి. బట్టల సబ్బు పొడి మాత్రం వద్దు, నురుగు ఆరి తెల్లటి మరక మిగులుతుంది. నాజిల్ మూసుకుపోతే సన్నటి సూదితో మెల్లగా తెరవండి. చిమ్మిన నీళ్ళు అద్దం నడిమికి పైన పడాలి, కప్పు మీదుగా వెనక బైకువాడి మీద కాదు.

7. అది వైపర్ తప్పు కాకపోవచ్చు

వానలో ఏసీ గట్టిగా పెట్టుకుని పోతున్నారు. అద్దం మసకబారింది. వైపర్ వేసినా మసక వదలడం లేదు. వైపర్ పాడైందనుకున్నారా? వేలితో లోపలి నుంచి ఒక గీత గీసి చూడండి. గీత పడితే మసక లోపల ఉంది: గాలిని అద్దం మీదికి మళ్ళించి ఏసీ అలాగే ఉంచండి, బయటి గాలి రానివ్వండి. గీత పడకపోతే మసక బయట ఉంది. చల్లటి ఏసీ గాలి అద్దానికి కొడుతుంటే సముద్రపు తేమగాలి బయటివైపు చేరి నీరవుతుంది, చెన్నైలో ఇది తరచూ జరుగుతుంది. గాలిని అద్దం మీది నుంచి తప్పించండి, ఏసీ చల్లదనం రెండు మూడు డిగ్రీలు తగ్గించండి, ఒకసారి వైపర్ వెయ్యండి. సరిపోతుంది.

8. కదలకుండా ఆగిపోతే

వైపర్ అసలు కదలకపోతే ముందు ఫ్యూజు చూడండి. పుస్తకంలో దాని స్థానం ఉంటుంది, తీసి చూడడం కష్టమేమీ కాదు. మోటారు చప్పుడు వినిపిస్తూ బ్లేడు కదలకపోతే నట్టు వదులైంది, లేదా అడుగున లింకేజ్ ఊడింది. అద్దం అడుగునున్న జాలీలో ఆకులు, చెత్త పేరుకుంటే నీరు నిలిచి ఆ లింకేజ్ తుప్పు పడుతుంది. నెలకోసారి చేత్తో తీసెయ్యండి.

నడిరోడ్డు మీద, వానలో ఆగితే? పాత లారీ డ్రైవర్లు బీడీ పొగాకు తడిపి అద్దం మీద రుద్దేవాళ్ళు. నీరు చుక్కలుగా నిలవకుండా పొరలా జారి, నెమ్మదిగా ఒక చోటికి చేరేంత చూపు దొరికేది. ఆ చిట్కా పక్కకు తీసి ఆపుకునేంత వరకే, ఊరు చేరడానికి కాదు. 1989 కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం పనిచేసే వైపర్ లేని కారు రోడ్డెక్కడమే తప్పు.

ఇంకో మాట. ఎంత మంచి వైపర్‌కైనా ఒక హద్దుంది. 2023 డిసెంబరు 3, 4 తేదీల్లో మిచాంగ్ తుఫాను చెన్నైని ముంచినప్పుడు పడిన వానకు ఏ వైపరూ చాలదు. పూర్తి వేగంలో తిరుగుతున్నా ముందు బండి వెనక లైట్లు కనిపించలేదంటే ఇక నడపకండి. రోడ్డు అంచున కాకుండా పెట్రోలు బంకులోకో కల్యాణమండపం ఆవరణలోకో మళ్ళించి ఆగండి. ఎన్నూరు రోడ్డు పక్కన లైట్లు లేకుండా నిలిపిన కంటైనర్ లారీలుంటాయి, వాటి వెనక అసలు ఆగొద్దు. గణేశపురం లాంటి సబ్‌వే అయితే వైపర్ సంగతి తర్వాత, నీరు ఎంతుందో తెలియకుండా దిగనే వద్దు.

పండగ ముందు తీసేసిన పాత జతను వెంటనే పారెయ్యకండి. అందులో డ్రైవరు వైపు బ్లేడును కాగితంలో చుట్టి డిక్కీలో, ఎండ తగలని చోట పెట్టండి. నెల్లూరు దారిలో కొత్తది ఊడినా, ఎవరైనా లాగేసినా, ఇంటికి చేరడానికి అది పనికొస్తుంది. వచ్చే ఏడాది మళ్ళీ మార్చినప్పుడు దాన్ని తీసేసి, అప్పటి పాతదాన్ని ఆ చోట పెట్టండి.